గది మోగితే పాఠం వినపడదు

ఇంటి ముందుగదిని సాయంత్రం పూట పిల్లల చదువుకు ఇస్తున్న దాతలు మన సంఘంలో కొందరున్నారు. ఈమధ్య ఆ గదులు కొన్ని బాగుపడ్డాయి. నేలకు టైల్స్, గోడలకు పుట్టీ, కిటికీలకు పెద్ద అద్దాలు వచ్చాయి. గది మెరుస్తోంది. కాని మేము డిక్టేషన్ చెబితే వెనక వరుస పిల్లలు 'పాట'ను 'పాక' అని రాస్తున్నారు. రాక కాదు, వినపడక.

దీన్ని ప్రతిధ్వని అంటాము గాని, ప్రతిధ్వని విడిగా వినపడాలంటే ఎదుటి గోడ సుమారు 17 మీటర్ల దూరంలో ఉండాలి. ఇళ్ళలో జరిగేది మార్మోగడం. మాట గట్టి గోడలకు తగిలి తిరిగొస్తూనే ఉంటుంది. 'పా'లోని దీర్ఘం ఇంకా మోగుతుండగానే, బలహీనమైన 'ట' దాని కింద మునిగిపోతుంది. గొంతు పెంచితే మోతా పెరుగుతుంది. వినికిడి తగ్గిన పెద్దలకైతే మరీ కష్టం.

1895లో అమెరికాలోని హార్వర్డ్‌లో కొత్త ఉపన్యాసశాలకు ఇదే ఇబ్బంది వచ్చింది. వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడు దగ్గరి నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, రాత్రిళ్ళు పరిపించి, మోత అణగడానికి పట్టే కాలాన్ని కొలిచారు. మెత్తలు పెరిగేకొద్దీ కాలం తగ్గింది. మెత్తలతోనే ఒక శాస్త్రం మొదలైందన్నమాట!

ఆయన సూత్రం ప్రకారం 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న ఖాళీ టైల్స్ గదిలో మోత నాలుగు సెకన్లు దాటుతుంది. చిన్న తరగతి గదులకు అమెరికా ప్రమాణం 0.6 సెకన్లు. పిల్లలు కూర్చుంటే కొంత తగ్గుతుంది, ఒంటిమీది బట్టలూ ధ్వనిని పీలుస్తాయి కనుక. అసలు మేలు పైకప్పుతోనే. ఆ 180 చదరపు అడుగులకు ధ్వనిని పీల్చే మినరల్ ఫైబర్ పలకలు బిగిస్తే లెక్క ఒక సెకను లోపుకు దిగుతుంది. సాదా జిప్సం సీలింగ్ అందానికే. మాటల మోతను అది అణచదు. కోడిగుడ్ల అట్టలూ అంతే.

సీలింగ్‌కు వీలుకాకపోతే, గోడకు జానెడు ఎడంగా, కిటికీకి రెండింతల వెడల్పుతో, మడతలు పడేలా మందపాటి పరదాలు కట్టించండి. పలుచని జంబుఖానాతో లాభం కొంచెమే. దాని కింద మందమైన ఫెల్ట్ ఉంటే వేరు. బయటి వాహనాల రొదను మాత్రం ఇవేవీ ఆపవు, దానికి తలుపుల సందులు మూయించాలి.

పలకలు బిగించాక వాటి మీద పెయింట్ వేయనివ్వకండి. రంధ్రాలు పూడితే మళ్ళీ మోతే.