మా ఊళ్లో టీబీ లేదండీ!

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోండని ఈ పేజీల్లో చాలాసార్లు రాశాము. ఈసారి సంగతి వేరు. టీబీని తగ్గించడానికి అచ్చంపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట, మాచర్ల వంటి ఊళ్లలో జరుగుతున్న పని బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? ఈ లెక్క డాక్టర్లకే కాదు, మందు మింగే ప్రతివారికీ తెలియాలని మా ఉద్దేశం.

పల్లెల్లో టీబీ మాట ఎత్తితే చాలామంది "మా ఊళ్లో లేదండీ" అంటారు. నిజమైతే సంతోషమే. కానీ ఏడాదిలో ఎంతమంది కళ్లె పరీక్షకు వెళ్లారని అడిగితే జవాబు ఉండదు. పరీక్ష చేయని ఊళ్లో జబ్బు కనపడదు. అందుకే 2023లో మొదలైన టీబీ రహిత పంచాయతీ పథకంలో కేసులు తక్కువగా ఉంటే చాలదు. ప్రతి వెయ్యిమందిలో ఏడాదికి కనీసం 30 మందికి పరీక్ష జరిగి ఉండాలి, ఆ తరువాతే కేసులు వెయ్యికి ఒకటికి మించకూడదన్న నియమం. అంటే 3,000 మంది ఉన్న ఊళ్లో 90 పరీక్షలు జరగాలి. ఆ షరతు పెట్టడం చాలా మంచి పని అయ్యిందని మేము అనుకుంటాము. లేకపోతే ఏ పనీ చేయని ఊరికే ముందు బహుమతి వచ్చేది!

ఇక మందు వాడేవారి లెక్క. ఒక మూడు నెలల్లో మందు మొదలుపెట్టిన 100 మందిని తీసుకోండి. వాళ్లలో ఎవరికి నయమయింది, ఎవరు మందు పూర్తి చేశారు, ఎవరికి మందు పనిచేయలేదు, ఎవరు చనిపోయారు, ఎవరు మధ్యలో మానేశారు, ఎవరి సంగతి తెలియలేదు అని వంద పేర్లకూ జవాబు రాయాలి. నయమైనవారు, పూర్తి చేసినవారు కలిపి 85కు తగ్గకూడదు. ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. వందలో 80 మందికి బాగై, పదిమంది సంగతి తెలియలేదనుకోండి. ఆ పదిమందిని లెక్కలోంచి తీసేస్తే 90లో 80, అంటే దాదాపు 89 శాతం. కాగితం మీద పాసు. కానీ ఆ పదిమంది ఎక్కడో దగ్గుతూనే ఉండవచ్చు.

మన పల్నాడులో ఇలా తప్పిపోవడానికి పెద్ద కారణం వలస. మిరపకోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో మన చేలకు వస్తాయి. మనవాళ్లు కూడా పనికోసం హైదరాబాదు పోతారు. రెండు నెలలు మందు మింగేసరికి దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, బాగైపోయిందనిపిస్తుంది. మూటాముల్లె సర్దుకుంటారు, మందుపెట్టె ఇంట్లోనే ఉండిపోతుంది. మామూలు టీబీకి వైద్యం 6 నెలలు. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టి, మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది.

ఇలా లెక్క చూసుకోవడం మనకు కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోని యూనియన్ మిషన్ టీబీ శానిటోరియం వారు 1950 నుంచి 1955 వరకు మదనపల్లె, చుట్టుపక్కల పల్లెల్లో ప్రజలకు ఎక్సరేలు తీసి, మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. డాక్టర్ ఫ్రిమొట్ మొల్లర్ రాసిన ఆ వివరాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయ్యాయి. మద్రాసులో 1956లో మొదలైన మరో పరిశోధనలో, ఇరుకు ఇళ్లలో సరైన తిండి లేకుండా ఉన్న రోగులకు కూడా ఇంటి దగ్గర మందు ఇస్తే శానిటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా నయమయిందని తేలింది. ఈరోజు మీరు ఆసుపత్రిలో నెలల తరబడి పడుకోకుండా ఇంట్లోనే మందు మింగుతున్నారంటే దానివల్లే.

లెక్క చూస్తే ఒక్కోసారి నచ్చని సంగతి బయటపడుతుంది. చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలుపెట్టి 15 సంవత్సరాలు చూస్తే, పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల టీబీని బీసీజీ టీకా ఆపలేకపోయింది. అలాగని తల్లులు పసిపిల్లలకు ఆ టీకా మానిపించకండి. పసిపిల్లలకు మెదడు పొరలకు వచ్చే ప్రాణాంతకమైన టీబీ నుంచి అది కాపాడుతుంది.

కాబట్టి ఆశా కార్యకర్తగాని, సర్వేవాళ్లుగాని ఇంటికి వచ్చి దగ్గు గురించి అడిగితే దాచవద్దు. కోడలికి పేరు పోతుందని, ఆడపిల్లకు సంబంధాలు రావని దాచేవారిని చూస్తూనే ఉన్నాము. దాచిన దగ్గు ముందు ఇంట్లోని చంటిబిడ్డకు అంటుతుంది. టీబీ వైద్యంలో ఉన్నవారికి పోషకాహారం కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలయింది. అది మీ బ్యాంకు ఖాతాలో పడుతోందో లేదో చూసుకోండి, పడకపోతే అడగండి. పనికి వేరే ఊరు వెళ్లవలసి వస్తే బయలుదేరే ముందే మందు ఇచ్చేవారికి ఆ ఊరి పేరు, ఫోను నంబరు చెప్పండి. మీ నిక్షయ్ నంబరు కాగితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి. దాంతో వెళ్లిన ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనే మిగతా మందు తీసుకోవచ్చు.