తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని: కారు తాళపుచెవి వెనుక విజ్ఞానం

"తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని" అన్న సామెత పుట్టిన నాటికి మోటారు వాహనాలు లేవు. అయినప్పటికీ కారు దొంగతనాల చరిత్ర యావత్తూ ఆ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు. తాళం ఎంత దృఢమైనదైనా, అది పట్టి ఉంచవలసిన గొళ్ళెం బలహీనమైతే ప్రయోజనం శూన్యం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి ఇంటి తరువాత విలువైన ఆస్తి సాధారణంగా కారే. ఉద్యోగం, పిల్లల బడి, దేవాలయ దర్శనం, వారాంతపు అంగడి, అన్నీ దానిపైనే ఆధారపడి ఉంటాయి. దానిని కాపాడే తాళపుచెవి నూరేళ్ళలో ఎన్ని రూపాలు ధరించినది, ఒక్కొక్క రూపం ఎక్కడ ఓడిపోయినది, నేటి గృహస్థు గ్రహింపదగినదేమిటి అన్నవి తెలుసుకొనడం అవసరం.

లోహపు పళ్ళ లెక్క

తొలినాటి కార్లను ముందువైపు ఇనుప పిడిని చేతితో త్రిప్పి నడిపించేవారు. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో ప్రవేశించినది. 1949లో క్రైస్లర్ సంస్థ తాళపుచెవిని త్రిప్పగానే ఇంజను మేలుకొనే పద్ధతిని ప్రవేశపెట్టినది. నాటి నుండి చెవికి రెండు పనులు ఏర్పడినాయి: తలుపు తెరవడం, ఇంజనుకు అనుమతి ఇవ్వడం.

ఇళ్ళ తాళాలలో వాడే సన్నని కడ్డీల అమరికకు లైనస్ యేల్ 1861లో పేటెంటు పొందినాడు. కారు తాళంలో ఆ కడ్డీలకు బదులు పలుచని ఇత్తడి రేకులు ఉంటాయి. ఒక్కొక్క రేకును ఒక్కొక్క స్ప్రింగు నెట్టుతూ ఉంటుంది. సరియైన చెవి దూర్చినప్పుడు దాని పళ్ళ ఎత్తుపల్లాలను అనుసరించి రేకులన్నీ ఒకే వరుసకు వస్తాయి. అప్పుడే తాళం తిరుగుతుంది. చెవిపై ఆరు చోట్ల, ఒక్కొక్క చోట ఐదు లోతులలో ఏదో ఒకటి కోయగలిగితే మొత్తం 15,625 రకాల చెవులు సాధ్యమౌతాయి. సంఖ్య పెద్దదే. కాని కోట్లాది కార్లు తిరిగే దేశంలో ఒక చెవి మరొక కారుకు పట్టడం అసంభవమేమీ కాదు. ఏళ్ళ వాడకంతో రేకులు అరిగితే ఇంచుమించు సరిపోయే చెవి కూడా పనిచేస్తుంది.

అసలు లోపం వేరొకటి. ఆ తాళం వెనుక ఉన్నది కేవలం ఒక విద్యుత్ స్విచ్చి. స్విచ్చిని చేరగలిగిన దొంగకు చెవితో పనిలేదు. ఇదే మరచిన గొళ్ళెం. అందుచేతనే చెవి తీసిన పిదప ఇంజను సాధారణ రీతిలో నడవకుండుటయే గాక, స్టీరింగుగాని చక్రాలుగాని బిగిసిపోవలెనని అమెరికా ప్రభుత్వం నియమం చేసినది. ఆ నియమం 1970 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

చెవిలో దాగిన రహస్యం

1986లో కార్వెట్ కారు చెవిలో జనరల్ మోటార్స్ ఒక చిన్న విద్యుత్ నిరోధకాన్ని పొదిగినది. చెవి త్రిప్పినప్పుడు కారు ఆ నిరోధకపు విలువను కొలుస్తుంది; సరిపోకపోతే కొన్ని నిమిషాలపాటు ఇంజను కదలదు. అయితే ఉన్నవి పదిహేను విలువలే. ఓపిక గల దొంగ వాటినన్నింటినీ ప్రయత్నింపగలడు. కొలిచే సాధనం ఉంటే నకలు చేయగలడు. మార్పులేని రహస్యం ఒకసారి బయటపడితే ఇక రహస్యం కాదు.

ఈ లోపాన్ని సవరించినదే ఇమ్మొబిలైజర్, అనగా వాహనాన్ని కదలనీయక నిలిపివేసే వ్యవస్థ. చెవి తలలోని ప్లాస్టిక్ లోపల ట్రాన్స్‌పాండర్ అనే చిన్న చిప్పు ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. తాళం చుట్టూ ఉన్న తీగచుట్టలో ప్రవహించే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రం ప్రకారం ఆ క్షేత్రమే చిప్పులోని తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ స్వల్పశక్తితో చిప్పు మేల్కొని కారుతో సంభాషిస్తుంది.

ఆ సంభాషణలోని యుక్తి తెలుగువారికి కొత్తది కాదు. అశోకవనంలో సీతమ్మవారు హనుమంతునికి చూడామణి ఇచ్చి ఊరకుండలేదు. తనకూ శ్రీరామునికీ మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతాన్ని కూడా గుర్తుగా చెప్పి పంపినది. నగ పరుల చేతిలో పడవచ్చును. ఇద్దరి మధ్యనే ఉన్న రహస్యం అంత సులభంగా చేజారదు. కారు చెవి విషయంలో లోహపు పళ్ళు చూడామణి వంటివి. చిప్పులోని సంకేతం కాకాసుర వృత్తాంతం వంటిది.

ఇక్కడ మరొక మెలిక కలదు. రహస్యాన్ని బిగ్గరగా చెప్పితే పొంచియున్నవాడు వింటాడు. కనుక కారు ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను ప్రశ్నగా పంపుతుంది. చిప్పు ఆ సంఖ్యను తన రహస్య సంఖ్యతో కలిపి ఒక క్లిష్టమైన గణితం చేసి సమాధానం పంపుతుంది. కారు కూడా అదే లెక్క వేసుకొని రెండింటినీ పోల్చుతుంది. రహస్యం గాలిలోనికి రాదు. నేటి సమాధానం రేపటి ప్రశ్నకు పనికిరాదు.

రహస్య సంఖ్య ఎంత పొడవైతే అంత క్షేమం. 40 బిట్ల సంఖ్యకు సుమారు 1.1 లక్షల కోట్ల అవకాశాలు ఉన్నాయి. ఒకప్పుడు ఇది చాలుననుకొన్నారు. 2005లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ప్రయోగశాలల పరిశోధకులు అటువంటి చిప్పు రహస్యాన్ని ప్రత్యేక యంత్రాల సాయంతో వెలికితీసి చూపినారు. తరువాతి కాలంలో 128 బిట్ల సంకేతాలు వాడుకలోనికి వచ్చినాయి.

మీట నొక్కితే పలికే సంకేతం

దూరం నుండి తలుపు తెరిచే మీట మరొక రీతిలో పనిచేస్తుంది. నొక్కిన ప్రతిసారీ లోపలి లెక్క ఒకటి పెరిగి, దానినుండి కొత్త సంకేతం పుడుతుంది. కారు కూడా ఆ లెక్కను గుర్తుంచుకొని, వాడిన సంకేతాన్ని మరల అంగీకరించదు. ఉత్తర అమెరికాలో ఈ సంకేతాలు ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ వద్ద, ఐరోపాలో 433.92 మెగాహెర్ట్జ్ వద్ద ప్రయాణిస్తాయి.

సెలవులకు తీసికొనిపోయిన చెవిని అమ్మమ్మగారింట పసివాడు ఆటవస్తువుగా పదేపదే నొక్కితే ఏమగును? చెవిలోని లెక్క ముందుకు పోతుంది; వేల మైళ్ళ దూరాన కారులోని లెక్క ఉన్నచోటనే ఉంటుంది. విస్తృతంగా వాడబడిన ఒక పద్ధతిలో పదహారు వరకు తేడా ఉంటే కారు వెంటనే ఒప్పుకొంటుంది. అంతకు మించితే వెంటవెంటనే రెండుసార్లు నొక్కి రెండు వరుస సంకేతాలు వినిపించవలెను. తిరిగివచ్చిన పిదప చెవి మొదటి నొక్కుకు పలుకకపోతే పాడైనదని తొందరపడనక్కరలేదు.

దూరం ఎరుగని తాళం

చెవిని జేబులోనుంచి తీయకుండానే తలుపు తెరచి, మీట నొక్కి ఇంజను నడిపే కార్లు నేడు సామాన్యమైనాయి. తలుపు పిడిని తాకగానే కారు ఒకటి రెండు మీటర్లకు మించి పోని బలహీన సంకేతం పంపుతుంది. చెవి బదులు పలుకుతుంది. బదులు వచ్చినది గనుక చెవి దగ్గరనే ఉన్నదని కారు భావిస్తుంది. ఆ భావనయే ఇక్కడ మరచిన గొళ్ళెం.

2011లో జ్యూరిక్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎనిమిది సంస్థలకు చెందిన పది రకాల కార్లపై పరీక్షలు చేసి ఈ లోపాన్ని నిరూపించినారు. ఒక పరికరం కారు వద్ద, మరొకటి చెవి ఉన్నచోటికి సమీపాన ఉంచి, సంకేతాలను అటునుండి ఇటు మోసుకొనిపోతే చాలును. సంకేతాన్ని ఛేదించే పనియే లేదు. రాత్రివేళ గుమ్మం ప్రక్కన వ్రేలాడే చెవి, వాకిట నిలిచిన కారుతో మాట్లాడినట్లే అవుతుంది.

దీనికి విరుగుడు దూరాన్ని నిజంగా కొలవడమే. కాంతి, రేడియో తరంగాలు నానోసెకనుకు సుమారు 30 సెంటీమీటర్లు పోతాయి. చెవి 30 మీటర్ల దూరంలో ఉంటే ప్రశ్న పోయి సమాధానం వచ్చుటకు 200 నానోసెకన్లు పడుతుంది. అంత సూక్ష్మకాలాన్ని లెక్కించగల అల్ట్రా వైడ్‌బ్యాండ్ విధానం కొన్ని కొత్త కార్లలో ఉన్నది. మరికొన్ని చెవులు కొంతసేపు కదలకుండా ఉంటే తామే నిద్రపోతాయి.

సరిహద్దు చెప్పిన పాఠం

ఇమ్మొబిలైజర్ విలువను తెలిపే ఉదాహరణ ఇటీవలిదే. కెనడా ప్రభుత్వం 2007 సెప్టెంబరు నుండి కొత్త కార్లన్నిటిలో దీనిని తప్పనిసరి చేసినది. అమెరికాలో అటువంటి నియమం లేదు. ఫలితంగా హ్యుందయ్, కియా సంస్థల తక్కువ ధర కార్లు అనేకం కెనడాలో ఆ రక్షణతోను, అమెరికాలో అది లేకుండాను అమ్ముడుపోయినాయి. వాటిని దొంగిలించే విధానాన్ని చూపే వీడియోలు 2021, 2022 సంవత్సరాలలో వ్యాపించి, బాలురు సైతం ఆ దుస్సాహసానికి ఒడిగట్టినారు. 2023 ఫిబ్రవరిలో ఈ విషయమై ప్రకటన చేసినప్పుడు అమెరికా రహదారి భద్రతా సంస్థకు అందిన సమాచారం ప్రకారం, ఇట్టి దొంగతనాల వలన కనీసం 14 ప్రమాదాలు, 8 మరణాలు సంభవించినాయి. సుమారు 83 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్పు ప్రకటింపబడినది. హ్యుందయ్ కార్లలో ఆ రక్షణ పనిచేయవలెనంటే దిగేటప్పుడు మీటతోనే తాళం వేయవలెను. పాత కారు కొనబోయే విద్యార్థులు, కొత్తగా వచ్చిన ఉద్యోగులు ఈ మార్పు జరిగినదా అని విచారించుకొనడం మంచిది.

చెవికి మించిన జాగ్రత్త

దొంగతనం ధననష్టం మాత్రమే. చెవిని గూర్చిన అజ్ఞానం ప్రాణనష్టానికి దారితీయవచ్చును. మీట నొక్కి నడిపే కార్లలో చెవిని జేబులో వేసుకొని దిగిపోయినంత మాత్రాన ఇంజను ఆగదు. నిశ్శబ్దంగా నడిచే ఇంజను ఇంటికి ఆనుకొని ఉన్న గరాజ్‌లో అట్లే ఉండిపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇల్లంతా వ్యాపిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా అది పెనవేసుకొంటుంది. ఈ రీతిగా అమెరికాలో మరణాలు సంభవించినాయి. కొన్ని సంస్థల కార్లలో ఇంజను కొంతసేపటికి తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉన్నది, అన్నింటిలో లేదు. స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులు గరాజ్ పైగదిలో నిద్రించే ఇళ్ళలో ఈ వాయువును పసిగట్టే గంట తప్పక ఉండవలెను.

పసిపిల్లలున్నవారు మరింత మెలకువతో ఉండాలి. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలలోనే వేడి సుమారు 11 సెల్సియస్ డిగ్రీలు పెరుగుతుంది. చెవి లోపల ఉండి, బిడ్డ లోపల ఉండి, తలుపులు పడిపోతే రెండవ చెవికై ఇంటికి పరుగెత్తరాదు. వెంటనే 911కు ఫోను చేయవలెను. 2001 సెప్టెంబరు తరువాత తయారైన కార్ల డిక్కీ లోపల చీకటిలో మెరిసే పిడి ఒకటి ఉంటుంది. దానిని లాగితే మూత తెరుచుకొంటుందని పిల్లలకు ముందే నేర్పడం ఉత్తమం.

ఇక నిత్యజీవితంలో పాటింపదగినవి కొన్ని. చెవులను వీధి గుమ్మానికి దూరంగా, తరంగాలను అడ్డగించే లోహపు సంచిలో ఉంచవలెను. అది పనిచేయునో లేదో కారు తలుపు వద్దనే పరీక్షింపవచ్చును. బ్యాటరీ అయిపోయినప్పుడు చాలా చెవులలో దాగియున్న లోహపు చెవి తలుపు తెరుస్తుంది. చెవిని స్టార్టు మీటకు ఆనించితే అనేక కార్లలో ఇంజను కదులుతుంది. ఏ కారుకు ఏ పద్ధతియో దాని పుస్తకంలో చూసుకొని, కారు నడిపే ఇంటివారందరూ ఒకసారి చేసి చూడవలెను. చలికాలపు ఉదయాన ఇంజను వేడెక్కుటకై చెవిని కారులోనే వదలి ఇంటిలోనికి పోరాదు. ఎంతటి ఇమ్మొబిలైజర్ అయినా అప్పుడు దొంగకే సేవ చేస్తుంది. పాస్‌పోర్టులు, వీసా పత్రాలు కారులో ఉంచరాదు. కాంప్రెహెన్సివ్ బీమా ఉంటే కారు విలువ దక్కవచ్చును గాని, ఆ పత్రాలను తిరిగి పొందుటకు పడే ప్రయాసకు బీమా లేదు.

ఇత్తడి రేకుల నుండి రహస్య సంఖ్యల వరకు తాళం ఎంతో ఎదిగినది. ప్రతి మెట్టులోను ఓడిపోయినది తాళం కాదు, దాని ప్రక్కన ఎవరూ తలచుకొనని మరొక భాగం. ఆ భాగాన్ని ఇంజనీర్లు కొంతవరకే బిగించగలరు. కారు దిగేటప్పుడు ఇంజను ఆగినదా, తలుపు పడినదా, లోపల ఎవరైనా మిగిలినారా అని ఒక్క క్షణం వెనుదిరిగి చూసుకొనే అలవాటు మాత్రం గృహస్థుని చేతిలోని గొళ్ళెం.