బిగ్‌ఫుట్ నిజంగా ఉంటే.. ఒంటరిగా ఉంటుందా? గుంపుగానా? ఆ పాత వీడియోలో పిల్ల ఏమైంది?

బిగ్‌ఫుట్ వీడియో ఏదో ఒక టైంలో మీ ఫోన్‌కి వచ్చే ఉంటుంది. ఒళ్లంతా నల్లటి జుట్టు, పొడవాటి చేతులు, నడుస్తూ నడుస్తూ ఒక్కసారి కెమెరా వైపు తల తిప్పి చూసే ఆకారం.. అదే. 1967 అక్టోబర్ 20న ఉత్తర కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ అనే ఇద్దరు తీశారు. నిడివి నిమిషం కూడా ఉండదు. ఆ సూట్ వేసుకుంది తానేనని ఆ తర్వాత ఒకతను చెప్పుకున్నాడు. గిమ్లిన్ మాత్రం ఒప్పుకోలేదు. అసలా, ఫేకా అన్న గొడవ దాదాపు 60 ఏళ్లుగా నడుస్తూనే ఉంది.

ఆ గొడవ కాసేపు పక్కన పెడదాం. నిజంగానే ఉందని అనుకుందాం. అప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది. ఏ జంతువైనా ఒక్కటే ఉండదు కదా! దానికి తల్లీతండ్రీ ఉండాలి, జత ఉండాలి, పిల్లలు పుట్టాలి. మరి బిగ్‌ఫుట్ సంసారం ఎలా ఉంటుంది?

వీడియోలో ఉన్నది ఆడది

చాలామంది గమనించని విషయం ఇది. ఆ ఆకారానికి రొమ్ములు స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే అభిమానులు దానికి 'ప్యాటీ' అని ఆడపేరు పెట్టుకున్నారు. ఇక్కడే తిరకాసు ఉంది. గొరిల్లా, చింపాంజీ, ఒరంగుటాన్ లాంటి తోకలేని పెద్ద కోతుల్లో ఆడవాటికి రొమ్ములు బాగా కనిపించేది కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు మాత్రమే. ఎప్పుడూ అలాగే ఉండేది ఒక్క మనుషుల్లోనే. అంటే ప్యాటీ కోతి జాతిదైతే దానికి ఓ పసిపిల్ల ఉండే అవకాశం ఎక్కువ. మరి ఆ పిల్ల ఎక్కడ? పెద్ద కోతుల్లో ఏ తల్లీ పాలు తాగే పిల్లను వదిలేసి పట్టపగలు వాగు ఒడ్డున షికారు చేయదు. పొట్టకో వీపుకో అంటిపెట్టుకుని ఉంటుంది. కాదు, అది మనిషికి దగ్గరి జాతి అంటారా? అప్పుడు గుంపు, నిప్పు, పనిముట్లు.. ఏదో ఒక ఆనవాలు దొరకాలి.

గొరిల్లాలాగా అయితే కుదరదు

మగ బిగ్‌ఫుట్ ఆడదానికంటే చాలా పెద్దదని కథలు చెప్పేవాళ్లు అంటారు. ఇది చిన్న విషయం కాదు. గొరిల్లాల్లో మగది ఆడదానికి దాదాపు రెట్టింపు బరువు ఉంటుంది. అలాంటి చోట సాధారణంగా ఒక పెద్ద మగది, కొన్ని ఆడవి, పిల్లలతో గుంపు ఉంటుంది. కొండ గొరిల్లాల గుంపులో సగటున పది వరకు ఉంటాయి. ఒక్కో పెద్ద మగది రోజుకు సుమారు 15 నుంచి 20 కిలోల ఆకులు, కాడలు లాగిస్తుంది. ఆఫ్రికాలో ఏడాది పొడవునా పచ్చదనం ఉంటుంది కాబట్టి సరిపోతుంది. వాషింగ్టన్, ఒరెగాన్ కొండల్లో మంచు పడితే? అక్కడి నల్ల ఎలుగులు శరదృతువులో దొరికినంత మెక్కి చలికాలమంతా నిద్రపోతాయి. బిగ్‌ఫుట్ మాత్రం మంచులో అడుగులు వేసుకుంటూ తిరిగిందనే కదా కథలు! పది భారీ ఒళ్లు ఒకే చోట తింటే ఆ కొండ ఒక్క వారంలో బోడి అయిపోయి, హెలికాప్టర్ నుంచి చూసినా తెలిసిపోతుంది.

చింపాంజీ పద్ధతి ఇంకోటి. పెద్ద సమూహం ఒకటే అయినా రోజూ చిన్న చిన్న ముఠాలుగా విడిపోయి, మళ్లీ కలుస్తుంటాయి. చెట్ల వేర్ల మీద దబదబా బాది దూరంగా ఉన్నవాటికి సమాచారం ఇస్తాయి. బిగ్‌ఫుట్ వేటగాళ్లు రాత్రిపూట చెట్లను కర్రలతో కొట్టి జవాబు కోసం ఎదురుచూసేది కూడా ఇలాంటి లెక్కతోనే. కాకపోతే చింపాంజీలు ఉన్నచోట గోల మామూలుగా ఉండదు. దాక్కుని బతికే జంతువు లక్షణం కాదది.

మిగిలింది ఒరంగుటాన్. కథకు సరిపోయేది ఇదే. మగది ఒంటరిగా తిరుగుతుంది. గొంతెత్తి అరిస్తే కిలోమీటరు దూరం వినిపిస్తుంది. తల్లి మాత్రం ఒక్క పిల్లతో ఏడెనిమిదేళ్లు గడుపుతుంది. ఏ చెట్టు పండు తినాలి, ఎక్కడ పడుకోవాలి.. అన్నీ నేర్పిస్తుంది. అందరికీ ఒక్కటే కనిపించింది, గుంపు కనిపించలేదు అన్న మాటకు ఇది చక్కగా అతుకుతుంది.

అమ్మ, నాన్న, అబ్బాయి, అమ్మాయి!

బిగ్‌ఫుట్ కుటుంబం గురించి బాగా ప్రచారమైన కథ కెనడాది. ఆల్బర్ట్ ఓస్ట్‌మన్ అనే వ్యక్తి 1957లో బయటపెట్టాడు. 1924లో బ్రిటిష్ కొలంబియాలోని టోబా ఇన్లెట్ ప్రాంతంలో తను పడుకున్న స్లీపింగ్ బ్యాగ్‌తో సహా ఓ సాస్క్వాచ్ ఎత్తుకెళ్లి, ఆరు రోజులు ఉంచుకుందని చెప్పాడు. అక్కడ మొత్తం నలుగురట. తండ్రి, తల్లి, కొడుకు, కూతురు. వినడానికి ముచ్చటగా ఉంది కానీ, పెద్ద కోతుల్లో ఏదీ ఇలా ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లల కుటుంబంగా బతకదు. అలా బతికేది మనమే. ఓస్ట్‌మన్ అడవిలో చూసింది అప్పటి పక్కింటి ఫ్యామిలీని అనుకోవచ్చు, కాస్త జుట్టు ఎక్కువ.. అంతే.

ఇక్కడ ఒక మాట. 'సాస్క్వాచ్' అన్న పదం అక్కడి హల్కోమెలెమ్ భాష మాట్లాడే ఆదివాసీల నుంచి వచ్చింది. 1920ల్లో జె.డబ్ల్యూ. బర్న్స్ అనే టీచర్ రాతలతో ఇంగ్లీషులోకి ఎక్కింది. వాళ్లకు అది అడవితో ముడిపడిన నమ్మకం. పట్టుకుని తూకం వేయాల్సిన జంతువు కాదు.

లెక్క దగ్గరే దొరికిపోతుంది

సరే, ఒరంగుటాన్ పద్ధతే అనుకుందాం. ఏడెనిమిదేళ్లకు ఒక్క కాన్పు అంటే ఒక తల్లి జీవితకాలంలో కనేది నాలుగైదు పిల్లల్ని. జనాభా మెల్లగా పెరుగుతుంది, తగ్గితే మాత్రం కోలుకోదు. జాతి దీర్ఘకాలం నిలబడాలంటే సంతానం కనగలిగేవి కనీసం 500 ఉండాలన్నది జీవశాస్త్రంలో పాత లెక్క. పిల్లలూ ముసలివీ కలిపి తక్కువలో తక్కువ వెయ్యి అనుకోండి. ఒక్కోటి సగటున 40 ఏళ్లు బతికితే ఏడాదికి 25 చావాలి. ప్యాటీ వీడియో నుంచి ఇప్పటిదాకా సుమారు 1,500 శవాలు. ఒక్క పుర్రె, ఒక్క పన్ను కూడా దొరకలేదు. రోడ్డు మీద లారీ గుద్దింది కూడా లేదు.

వెయ్యి అక్కర్లేదు, పాతికో ముప్పయ్యో చాలంటారా? ఫ్లోరిడా పాంథర్ల కథ చూడండి. 1990ల మొదట్లో అవి 20 నుంచి 30కి పడిపోయాయి. దగ్గరి రక్తసంబంధాల్లోనే జతకట్టడంతో తోకలు వంకర్లు తిరిగాయి, గుండె లోపాలు వచ్చాయి. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలితే గానీ కోలుకోలేదు. బిగ్‌ఫుట్‌లకు ఆ సాయం చేసిందెవరు?

దొరికిన వెంట్రుకల సంగతీ అంతే. 1970ల్లో ఎఫ్‌బీఐకి పంపిన ఒక నమూనా జింకదని తేలింది. 2014లో బ్రిటన్ జెనెటిక్స్ ప్రొఫెసర్ బ్రయాన్ సైక్స్ టీమ్ పరీక్షించిన వాటిల్లో ఎలుగు, ఆవు, గుర్రం, చివరికి మనిషి కూడా బయటపడ్డారు. నల్ల ఎలుగులు ఎక్కువున్న చోటే బిగ్‌ఫుట్ 'దర్శనాలు' ఎక్కువని 2024లో వచ్చిన ఒక అధ్యయనం చెబుతోంది. వెనక కాళ్ల మీద లేచి నిలబడిన ఎలుగును చీకట్లో చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి. ఇంతా చేసి, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కమేనియా కౌంటీ 1969లోనే చట్టం చేసేసింది.. సాస్క్వాచ్‌ను చంపితే 10 వేల డాలర్ల ఫైన్, ఐదేళ్ల జైలు!

దట్టమైన అడవిలో పెద్ద కోతి మన కళ్లకు చిక్కకుండా ఉండలేదా అంటే, కొంతవరకు ఉండగలదు. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో బటాంగ్ టోరు అడవిలో ఉన్న ఒరంగుటాన్‌లు వేరే జాతి అని సైంటిస్టులు ప్రకటించింది 2017లోనే. వాటికి టపనులి ఒరంగుటాన్ అని పేరు పెట్టారు. వాటిని ఎలా లెక్కపెట్టారో తెలుసా? ఒక్కొక్కదాన్ని చూసి కాదు. ఒరంగుటాన్‌లు దాదాపు ప్రతి రాత్రీ చెట్టు మీద కొమ్మలు వంచి కొత్త పడక కట్టుకుంటాయి. ఆ పడకల్ని లెక్కగట్టారు. మొత్తం 800 కంటే తక్కువే ఉన్నాయని తేలింది. ప్రపంచంలో అతి తక్కువగా మిగిలిన పెద్ద కోతులు ఇవే. వాటి అడవిలోనే జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టడం మొదలుపెట్టారు.