వార్తల్లో పదం: సర్జికల్ మెనోపాజ్

ఆపరేషన్‌లో రెండు అండాశయాలనూ తీసేయడంతో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోయి ముట్లు ఆగిపోవడమే సర్జికల్ మెనోపాజ్. సహజంగా ఏళ్ల తరబడి సాగే మార్పు ఇక్కడ రోజుల్లో ముగుస్తుంది. గర్భసంచి ఒక్కటే తీస్తే ముట్లు ఆగుతాయి గానీ హార్మోను ఆగదు. రెంటినీ 'గర్భసంచి ఆపరేషన్' అనేయడంతోనే వస్తుంది చిక్కు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం.

అండాశయాలు రెండూ తీసేస్తే ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి వెంటనే మొదలవుతాయి. వేసవిలోనైతే ఇవి ఎండ ప్రభావమేనని పొరబడొచ్చు. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు నెమ్మదిగా పెరుగుతాయి. రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకి లేకపోతే, చిన్న వయసువారికి సహజంగా ముట్లుడిగే వయసు దాకా వైద్యులు హార్మోను చికిత్స సూచిస్తారు.