సీటు వచ్చింది, మరి క్లాసుకు దారి?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ యూనివర్సిటీల్లో 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలి. 1995 చట్టంలో ఇది 3 శాతమే.

సీటు సరే. క్లాసు మేడ మీద ఉండి లిఫ్టు లేకపోతే చక్రాల కుర్చీలో వచ్చిన విద్యార్థి కిందే ఆగిపోతాడు. ర్యాంపు ఉందంటారు, అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవైనా లేకపోతే అది జారుడుబల్లే.

చూపు లేనివారికి అసలు కష్టం పరీక్షల్లో. వారు చెబుతుంటే రాసిపెట్టే స్క్రైబును నిబంధనలు అనుమతిస్తాయి, గంటకు 20 నిమిషాలు అదనంగానూ ఇస్తాయి. కానీ రాసే మనిషి దొరకాలి కదా! పరీక్షల ముందు రోజు వరకూ వెతుక్కునేవారున్నారు. మీ ఇంట చదువుకునే పిల్లలుంటే, చందాతోపాటు వారి పేరూ మా కార్యాలయంలో రాయించండి.