తేనెటీగ చెప్పిన అబద్ధం

‘పూలు ఎంత దూరంలో ఉన్నాయో తేనెటీగ నాట్యం చేసి చెబుతుంది, సరే. ఆ దూరం దానికి ఎలా తెలిసింది?’ అని ఒక పాఠకుడు అడిగారు. ఇలాంటి ప్రశ్న వచ్చాక వేరే పని ఎలా తోస్తుంది!

నాట్యం గుట్టు విప్పిన కార్ల్ ఫన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. దూరం దగ్గర మాత్రం ఆయన పప్పులో కాలేశారు. ఎగరడానికి ఖర్చయిన శక్తిని బట్టి ఈగ దూరం లెక్కగడుతుందన్నారు. ఎదురుగాలిలో వెళ్ళొచ్చిన ఈగ దూరం ఎక్కువ చేసి చెబుతుంది కదా మరి! 1990లలో హరాల్డ్ ఎష్, జాన్ బర్న్స్ తీపి నీళ్ళను బెలూనుకు కట్టి పైకి లేపారు. ఈగలకు శ్రమ పెరిగింది. అవి చెప్పిన దూరమేమో తగ్గింది!

రైలు కిటికీలోంచి చూస్తే పక్కనున్న స్తంభాలు రివ్వున వెనక్కి పోతాయి, దూరపు కొండ కదలనట్టే ఉంటుంది. ఈగ లెక్కపెట్టేది కంటి ముందు సాగే ఈ పరుగునే. పైకెళ్ళేకొద్దీ నేల పరుగు మందగిస్తుంది, దూరం తక్కువనిపిస్తుంది. ఎదురుగాలిలో ఈగ నేలకు దగ్గరగా ఎగురుతుంది కాబట్టి పరుగు ఎక్కువవుతుంది.

దీన్ని తిరుగులేకుండా తేల్చింది మాండ్యం శ్రీనివాసన్. బెంగళూరులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, యేల్‌లో డాక్టరేటు చేసి, ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఈగల కళ్ళ వెంటపడ్డ మనిషి. 2000లో ఆయన బృందం వెలువరించిన ప్రయోగం చూడండి. పట్టుకు 35 మీటర్ల దూరంలో ఇరుకైన సొరంగం, గోడల నిండా చుక్కల గజిబిజి, లోపల ఆరు మీటర్ల దగ్గర తీపి నీళ్ళు. మామూలుగా అంత దగ్గరి తిండికి ఈగ గుండ్రంగా తిరిగి ఊరుకుంటుంది. ఈ ఈగలు మాత్రం తోక ఊపుతూ, వంద మీటర్లకు పైమాటే అని చాటాయి! గోడలు మరీ దగ్గర కావడంతో పరుగు అంత పెరిగింది. గోడల పొడవునా, ఎగిరే దిశలోనే చారలు గీస్తే పరుగు కనబడదు. అప్పుడు అబద్ధం ఆగిపోయి మళ్ళీ గుండ్రాల నాట్యమే.

వాలేటప్పుడూ ఇదే కిటుకు. నేల పరుగు మారకుండా చూసుకుంటూ కిందికి దిగితే చాలు, వేగం దానంతటదే తగ్గుతూ వస్తుంది. ఎత్తు తెలియనక్కర్లేదు, కొలిచే పనే లేదు!

‘దీనివల్ల ఉపయోగం ఏమిటి?’ అనేవారు ఎలాగూ ఉంటారు. డ్రోన్లకు వాడుతున్నారు లెండి. అద్దంలా నిలిచిన నీటి మీద అవీ తడబడతాయి, ఈగలూ తడబడతాయి.