పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ల వారసత్వం - కంప్యూటర్‌లో తెలుగు లిపి

కీలక పదాలు: యూనిక్స్, డాస్, ఇస్కీ, యూనికోడ్, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

ప్రతి కావ్యం పూర్వకావ్యాల నుండి కొంత స్వీకరిస్తుంది, కొంత విడిచిపెడుతుంది. కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్ర కూడా ఇటువంటిదే. తెలుగు అక్షరం కంప్యూటర్‌లో నిలిచే తీరును ఈ వారసత్వం ఎలా నిర్ణయించిందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. రెండు వంశాలు

1969లో బెల్ ల్యాబ్స్ సంస్థ మల్టిక్స్ అనే బృహత్ పథకం నుండి తప్పుకొంది. అందులో పనిచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్‌ను రూపొందించారు. ఫైళ్లను శాఖోపశాఖలుగా అమర్చే పద్ధతిని మల్టిక్స్ నుండి గ్రహించి, దాని సంక్లిష్టతను విడిచిపెట్టారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ యూనిక్స్ పద్ధతులను అనుసరించి కొత్తగా రాసినది. నేటి ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం లినక్స్ కెర్నలే.

రెండవ వంశానికి మూలం 1974 నాటి గ్యారీ కిల్డాల్ రచన సీపీ/ఎం. దాని నమూనాలో టిమ్ పాటర్సన్ రాసిన వ్యవస్థను మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేయగా, 1981లో అది ఎంఎస్-డాస్‌గా వెలువడింది. డిస్కులను అక్షరాలతో పిలిచే సీపీ/ఎం అలవాటు నేటి విండోస్ ‘సీ డ్రైవ్’లో మిగిలే ఉంది.

3. 256 స్థానాల ఇరుకు

తొలినాళ్లలో రెండు వంశాలూ అక్షరానికి ఒక బైట్ చాలుననుకున్నాయి. ఒక బైట్‌లో 256 విలువలే పడతాయి. అందుచేత అను వంటి ఫాంట్లు రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకృతులను నింపాయి. ఫాంట్ మారితే పాఠం అర్థరహితమైన గుర్తులుగా మారేది. 1991లో భారతీయ ప్రమాణంగా వెలువడిన ఇస్కీ ఆ ఇరుకులోనే ఒక క్రమం తెచ్చింది. అది ఆకృతికి కాక వర్ణానికి సంఖ్యనిచ్చింది. భారతీయ లిపులన్నిటికీ ఒకే వరుసను పాటించింది. యూనికోడ్ ఇస్కీ వరుసనే స్వీకరించింది. అందుకే తెలుగు ‘య’, దేవనాగరి ‘య’ తమ తమ విభాగాల్లో ఒకే స్థానంలో ఉంటాయి.

4. ‘య’ అక్షరం - ఒక నిదర్శనం

యూనికోడ్‌లో తెలుగు ‘య’ సంఖ్య 3119. దీనిని రెండు బైట్లుగా రాస్తే 12, 47 అవుతాయి. యూనిక్స్‌లో ఫోల్డర్ల పేర్లను విడదీసే ఏటవాలు గీత సంఖ్య కూడా 47. కాబట్టి ఫైలు పేరులో ‘య’ ఉంటే పాత యూనిక్స్ దానిని మార్గవిభజనగా పొరబడుతుంది. 1992లో థాంప్సన్, రాబ్ పైక్‌లు ప్లాన్ 9 అనే వ్యవస్థ కోసం రూపొందించిన యూటీఎఫ్-8 ఈ చిక్కును తొలగించింది. అందులో ‘య’ 224, 176, 175 అనే మూడు బైట్లు. ఏ ఒక్కటీ 128కి తక్కువ కాదు గనుక పాత గుర్తులతో కలగాపులగం కాదు.

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ మాత్రం రెండు బైట్ల మార్గం ఎంచుకుంది. ‘తెలుగు’ అనే మాటలో ఆరు యూనికోడ్ సంకేతాలున్నాయి. విండోస్ లోపల అవి 12 బైట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. ఈ తేడాకు కారణం తెలుగు లిపి స్వభావం కాదు; యూనిక్స్ నాటి పద్ధతిని చెదరనివ్వరాదన్న నిర్ణయం.

5. ముగింపు

పాత ఫాంట్లలో టైపు చేసిన సిద్ధాంత గ్రంథాల్లో నేడు ఒక పదాన్ని వెతకడం దుస్సాధ్యం. కారేపల్లి, భద్రాచలం అటవీ సరిహద్దులో కోయ పదాలను తెలుగు లిపిలో నమోదు చేసే పరిశోధకునికి ఇది మరింత ముఖ్యం. ఫాంట్‌కు బందీ అయిన పదకోశం ఆ ఫాంట్‌తోపాటే మరుగున పడుతుంది. కనుక క్షేత్రసామగ్రిని మొదటినుండీ యూనికోడ్‌లో రాయడం, పాత ఫైళ్లను మార్చేటప్పుడు మూలప్రతితో సరిపోల్చడం అవసరం. ప్రతుల పాఠాంతరాలను పరిశీలించే శిక్షణ తెలుగు పరిశోధకులకు ఉన్నదే. దానిని డిజిటల్ ప్రతులకూ వర్తింపజేయాలి.